గచ్చు మీద జమ్ములమ్మ

మా మేనత్త జమ్ములమ్మ సినిమాల్లో నాట్యం చేసిందని చెబితే మా పల్లెలో ఇప్పటికీ సగం మంది నమ్మరు. నమ్మిన సగం మంది ముసిముసిగా నవ్వుతారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది. పదమూడేళ్లు మద్రాసు స్టూడియోల్లో కాళ్లు పగిలేలా పనిచేసిన మనిషి ఆవిడ. ఎండలో మట్టి తట్ట మోసినా, లైట్ల కింద గజ్జె కట్టినా కారేది చెమటే కదా! అయినా తట్ట మోస్తే కష్టజీవి అంటారు, గజ్జె కడితే నోటికొచ్చింది అంటారు. ఎవరి మెప్పు కోసమూ నేనిది రాయడం లేదు. మా నాయన కురుమూర్తి ఆవిడకు తమ్ముడు. ఆయన చెప్పగా విన్నదీ, అత్తనే అడిగి తెలుసుకున్నదీ ఉన్నదున్నట్టు చెబుతాను.

మాది పాన్‌గల్ దగ్గర చిన్న పల్లె. సెంటు భూమి లేదు. వాన పడ్డ ఏడు రెడ్ల చేలల్లో కూలి, పడని ఏడు మేస్త్రీ వెంట వలస. పడని ఏళ్లే ఎక్కువ. మా వాళ్లకు ఒక పని మాత్రం బాగా వచ్చు, గచ్చు వేయడం. సున్నం, ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు కలిపి కాళ్లతో తొక్కుతారు. దాన్ని నేల మీద పరిచి, చెక్క దిమ్మిసలతో రోజుల తరబడి కొడతారు. చివరికి నున్నటి రాయితో రుద్ది రుద్ది అద్దంలా చేస్తారు. ఈ రుద్దే పనిలో మా నాయనమ్మ రాములమ్మను మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఆమె రుద్దిన గచ్చులో మీసం దువ్వుకోవచ్చని ఒక దొర అన్నాడట. ఆ మాట ఆమె చచ్చేదాకా చెప్పుకుంది. దువ్వుకున్నది ఆయన మీసమే కానీ, అరిగింది తన చేతులని మాత్రం ఎన్నడూ అనలేదు.

1936లో చినుకు లేదు. దశరథం అనే మేస్త్రీ మా పల్లె నుంచి పన్నెండు మందిని మద్రాసు తీసుకుపోయాడు. అక్కడ కొత్తగా ఒక సినిమా స్టూడియో కడుతున్నారు, నేలలు వేసేవాళ్లు కావాలి. జమ్ములమ్మత్తకు అప్పటికి పదహారేళ్లు. పెళ్లయిన ఏడాదికే మొగుడు కలరాకు పోయాడు. ఇంట్లో కూర్చోబెడితే ఇంకా కుంగిపోతుందని నాయనమ్మే ఆమెను దశరథం చేతిలో పెట్టింది. "నీ బిడ్డ లెక్క చూసుకో" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది. వాళ్లు వనపర్తి రోడ్డు స్టేషనులో రైలెక్కి, కర్నూలు, ద్రోణాచలం మీదుగా మూడో రోజుకు మద్రాసు చేరారు.

అక్కడ అత్త పని సున్నం తొక్కడం. కాళ్లకు ఆముదం పట్టించుకుని గుంతలో దిగి పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా తొక్కాలి. గుంత పక్కనే రేకుల షెడ్డు. అందులో ఒక డాన్సు మాస్టరు పదహారు మంది పిల్లలకు అడుగులు నేర్పుతున్నాడు. ఆయనది బందరు వైపు. చేతిలో చిన్న కర్ర, ముందు ఒక చెక్క. టకటకమని కొడుతుంటే పిల్లలు ఎగరాలి. మూడు రోజులు ఆ టకటక విని విని అత్త కాళ్లు ఊరుకోలేదు. మాస్టరు కొట్టిన దెబ్బకు సరిగ్గా సున్నంలో అడుగు వేయడం మొదలుపెట్టింది. మధ్యలో ఆయన లెక్క మార్చితే ఈమె గుంతలో లెక్క మార్చింది.

నాలుగో రోజు మాస్టరు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు.

"ఏమ్మాయ్, ఎవరి దగ్గర నేర్చుకున్నావు?"

"ఏంది నేర్చుకునేది? సున్నం తొక్కుతున్న."

లోపలి పిల్లలు కిసుక్కున నవ్వారు. మాస్టరు నవ్వలేదు. ఆ రోజు ఒక పిల్లకు కామెర్లని ఇంటికి పంపేశారట, వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది.

"కాళ్లు కడుక్కుని లోపలికి రా."

"పని ఇడ్సిపెట్టి ఎట్ల వస్త? మా మేస్త్రీని అడుగు."

దశరథం తల గోక్కున్నాడు. పెద్దమనిషి అడిగితే కాదనలేడు. "జర సేపే గద బిడ్డా, పోయిరా" అన్నాడు. ఆ జర సేపు పదమూడేళ్లయింది. పాపం దశరథానికి ఆ ఒక్క మాట బతికినన్నాళ్లూ గుచ్చుకుంది. ఎండాకాలం చివర పని ముగించి పదకొండు మందితో పల్లెకు తిరిగొచ్చినప్పుడు మా నాయనమ్మ అతన్ని వాడంతా తిరుగుతూ తిట్టిందట. 

మరుసటి ఏడు అత్త ఊరికి వచ్చింది. వస్తూ వస్తూ సన్నబియ్యం, అవ్వకు, అంటే తల్లికి, ఒక గద్వాల చీర తెచ్చింది. నాయనమ్మ చీరను ముట్టలేదు, గూట్లో పెట్టమంది. బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఏం పని చేస్తున్నవే?"

"ఎగురుతున్ననవ్వా. సినిమాల."

"ఎవరి ముంగట?"

"ఎవరి ముంగట లేదు. మిషిని ముంగట."

"మిషిని ముంగట ఎగిరితే బువ్వ వెడ్తరా? నన్ను ఎడ్డిదాన్ని చేస్తున్నవా నువ్వు?"

అత్త ఎంత చెప్పినా ఆమెకు ఎక్కలేదు. ఎలా ఎక్కుతుంది? అప్పటికి మా నాయనమ్మ సినిమా అన్న మాట వినడమే తప్ప చూసింది లేదు. వాడలో ఆడవాళ్లు అప్పటికే గుసగుసలు మొదలుపెట్టారు. మొగుడు పోయిన పిల్ల, పట్నంలో ఒంటరిగా, సన్నబియ్యం మోసుకొచ్చింది. ఇంకేం కావాలి వాళ్లకు? ఎద్దు పుండు కాకికి ముద్దు అని ఊరికే అన్నారా!

ఆ పూట అత్త అన్నం వండింది. అందరికీ వడ్డించి అవ్వ ముందు కూడా పెట్టింది. నాయనమ్మ గిన్నె జరిపింది.

"నీ మొఖం కనవడేటట్టు నువ్వు చేసే పని నేను ఈ రెండు కండ్లతోని చూడాలె. అదెట్లాంటి పనో నాకు తెల్వాలె. చూసేదాంక నీ చేతి బువ్వ ముట్ట. బీచుపల్లి అంజన్న మీద ఒట్టు."

అత్త కూడా ఆ తల్లికి పుట్టిన బిడ్డే కదా. పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.  "చూపిస్త. చూపియ్యకపోతే నేను రాములమ్మ బిడ్డనే కాదు" అని లేచిపోయింది. ఆ తర్వాత ఏటా వచ్చినప్పుడల్లా వండేది, ఏటా అవ్వ ముందు పెట్టేది. నాయనమ్మ పక్కనే కూర్చుని తన జొన్న గటక తను తాగేది. మాట్లాడుకునేవాళ్లు, నవ్వుకునేవాళ్లు, ఒకరి తలలో ఒకరు పేలు చూసుకునేవాళ్లు. ముద్ద మాత్రం ముట్టేది కాదు. మా నాయన అప్పుడు చిన్నవాడు. ఆ గిన్నె అలా చల్లారిపోతుంటే తనకు అన్నం దిగేది కాదని చెప్పేవాడు.

ముఖం చూపించడమంటే మాటలా? సినిమాలో గుంపు నాట్యం చేసేవాళ్లకు ముఖం ఉండదు. ముందు వరసలో నలుగురు, వాళ్లు తెల్లటివాళ్లు. వెనక వరసల్లో మిగతావాళ్లు, వాళ్లు ఖాళీ నింపడానికి. అత్త నలుపు. మేకప్పాయన ఆమెకు తెల్లపొడి పూసీ పూసీ విసుగెత్తి, "నిన్ను తెల్లగా చేయాలంటే స్టూడియో సున్నమంతా సరిపోదు" అన్నాడట. "ఆ సున్నం తొక్కింది నేనే" అంది అత్త. 

ఒక సినిమాలో ఆమె తామరరేకు. ఆమె అట్టరేకు లోపల ఉంది, తెర మీద అట్ట కనబడింది. ఇంకో సినిమాలో బిందెలాట. బిందె ముఖానికి అడ్డం వచ్చింది. మరొకదానిలో రాజుగారి సభలో నాట్యం, ఈమె స్తంభం వెనక. స్తంభం బాగా కనబడిందట. ప్రతి సినిమా మొదలయ్యే ముందు మాస్టరు దగ్గరికి పోయి ఒకటే మాట అడిగేది: "సార్, ఈసారి ముందు వరస ఇస్తరా?" ఆయన ప్రతిసారీ తల అడ్డంగా ఊపేవాడు. "నీ అడుగు బంగారం, జమ్ములూ. కానీ నా చేతిలో ఏముంది? పైవాళ్లు రంగు చూస్తారు." ఈమె సరేననేది, పోయి వెనక నిలబడి ముందువాళ్ల కంటే బాగా ఎగిరేది. తెల్లవారక ముందే లేచి, తనుండే గదిలో కింది వాటావాళ్లకు చప్పుడు వినబడకుండా గోనె పట్టా పరిచి సాధన చేసేది. ఎవరికైనా జ్వరం వస్తే వాళ్ల అడుగులు కూడా ఈమెకు వచ్చు. పదహారు మందివీ వచ్చు.

1940లో ఆమె చేసిన సినిమా ఒకటి వనపర్తిలో డేరా టాకీసుకు వచ్చింది. పాట చివర తను కనబడతానని అత్త ఉత్తరం రాయించింది. మా నాయన వాడ వాడంతా వెంటేసుకుని పోయాడు, నాయనమ్మను చేయి పట్టి ముందు కూర్చోబెట్టాడు. పాట వచ్చింది. కళ్లు చించుకుని చూశారు. హీరోయిన్ పక్క నుంచి అద్దం పట్టుకున్న ఒక చేయి వచ్చింది, పోయింది. ఆ గాజులు అత్తవే. అంతే! ఎడిటింగులో మిగతాది కోసేశారట.

తిరిగొస్తుంటే దారి పొడుగునా నవ్వులే. "రాములమ్మా, చెయ్యి మంచిగ ఎగిరిందే!" అని ఒకామె. "కాలు ఎప్పుడు వస్తదో?" అని ఇంకొకామె.  ఆ ఏడు అత్త వచ్చినప్పుడు నాయనమ్మ అంది: "చేతులు అందరికి ఉంటయి బిడ్డా. మొఖం ఏది?"

అత్త ఆ రాత్రి బాగా ఏడ్చిందని మా నాయన చెప్పాడు. పొద్దున లేచి ముఖం కడుక్కుని మద్రాసు రైలెక్కింది.

ఇక 1944 సంగతి. ఆ సినిమా పేరు చెప్పను, చెప్పినా మీరు చూసి ఉండరు, దాని రీళ్లు కూడా ఇప్పుడు లేవంటారు. అందులో ఒక రాజసభ, దాని మధ్య పెద్ద నాట్యం. డైరెక్టరుకు ఒక కోరిక పుట్టింది. నేల నీళ్లలా మెరవాలి, నాట్యం చేసేవాళ్లు పైన ఒకసారి, నేలలో ఒకసారి కనబడాలి. చెక్క పరిచి రంగు కొట్టారు, పెచ్చులు లేచింది. నూనె పూశారు, ముగ్గురు పిల్లలు జారిపడ్డారు. "నేల బాగాలేదు సార్" అని పిల్లలంటే కళా దర్శకుడు "ఆడలేక మద్దెల ఓడు" అన్నాడు. ఇలా పది రోజులు పోయాయి. యుద్ధకాలం, ఫిలిం దొరకడమే గగనం, డైరెక్టరు పరేషానుగా తిరుగుతున్నాడు.

అత్త నేరుగా ఆయన ముందుకు పోయి నిలబడింది. గుంపులో పిల్ల డైరెక్టరుతో మాట్లాడటం అప్పట్లో లేదు. మాస్టరు వెనక నుంచి కళ్లతో వద్దంటూనే ఉన్నాడు.

"సార్, నేల మేం వేస్తం. మా ఊరోళ్లను పిలిపియ్యండ్రి. అద్దం లెక్క చేసి ఇస్తం. కూలి ఎంతిస్తరో మా మేస్త్రీతోని మాట్లాడుకోండ్రి. నాకు మాత్రం ముందు వరస నడుమ నిలవడనియ్యాలె. మొఖానికి ఏం అడ్డం రావొద్దు."

డైరెక్టరు నవ్వాడు. "నువ్వు నల్లగా ఉన్నావు కదమ్మా."

"నేను నల్లగుంటే ఏంది సార్? గచ్చు తెల్లగుంటది. ఇంకా మంచిగ కనవడ్త."

ఆయన నవ్వు ఆగింది. పిలిపించమన్నాడు.

దశరథం మళ్లీ వచ్చాడు, ముసలివాడైపోయాడు. మా నాయన వచ్చాడు, అప్పుడు పందొమ్మిదేళ్లు. మొత్తం పదకొండు మంది. అత్త అవ్వను కూడా రమ్మంది, రుద్దడానికి ఆమెను మించిన చేయి లేదు కదా. నాయనమ్మ రాలేదు. తను చూసేది తెర మీదనే తప్ప తెర వెనక కాదంది. కానీ మా నాయన రైలెక్కే ముందు పిలిచి ఒక మాట చెప్పి పంపింది: "కరక్కాయ నీళ్లు మూడొద్దులు, నిండ మూడు దినాలు, నాననియ్యమను. తొందరవడితే గచ్చు నెర్రెలు వారుతది. దానికి తొందరెక్కువ." ఆ మాట విని అత్త సున్నం గుంత గట్టు మీద కూర్చుని నవ్వుతూ ఏడ్చిందట. ఏడేళ్లుగా ముద్ద ముట్టని తల్లి కరక్కాయ నీళ్ల జాగ్రత్త చెప్పి పంపింది మరి.

పదిహేను రోజులు పట్టింది. అత్త పగలు రిహార్సలు చేసేది, మధ్యలో చీర చెక్కి వచ్చి దిమ్మిస పట్టేది. మా వాళ్లు పాట పాడుతూ కొడుతుంటే స్టూడియోలో పనివాళ్లంతా వచ్చి చూసేవాళ్లట. మీద సన్నసున్నం పూశారు, గుడ్డు సొన పట్టించారు, రాళ్లతో రుద్దారు. చివరి రోజు దీపం పెడితే నేలలో రెండో దీపం కనబడింది. డైరెక్టరు వంగి తన ముఖం చూసుకున్నాడు.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు పిచ్చిలా ఉంటుంది. దొరల గడీల్లో మేం గచ్చు వేసేది లోపలి మూల నుంచి గుమ్మం వైపు. ఆఖరి రోజు అందరూ గొంతుక్కూర్చుని తమ అడుగు తామే గుడ్డతో తుడుచుకుంటూ వెనక్కి వెనక్కి జరిగి గుమ్మం దాటేస్తారు. దాటాక ఆ నేల మీద మా వాళ్ల కాలు మళ్లీ పడకూడదు. పడితే మైల. తెలియక కాలు పెట్టిన పిల్లల వీపులు చిట్లిన సంగతులు మా వాడలో ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి. ఎవరూ నేర్పక్కరలేదు, అది కాళ్లకే తెలిసిపోతుంది. మద్రాసులో ఆ రోజు కూడా, ఎవరూ అడగకుండానే, పదకొండు మందీ అడుగులు తుడుచుకుంటూ వెనక్కి జరిగి సెట్టు బయటికి వచ్చేశారు. అత్తా వాళ్లతోనే జరిగింది. అప్పుడు ఆమెకూ ఏం తోచలేదు.

మర్నాడు షూటింగు. మా వాళ్లను చూడనిచ్చారు, గోడ వారగా నిలబడ్డారు. పాట మొదలైంది, మద్దెల మోగింది. పదహారు మంది గజ్జెలతో వరసగా నేల మీదికి పోవాలి, ముందు అత్త. అత్త అంచు దాకా వచ్చి ఆగిపోయింది.

వెనకవాళ్లు ఆమెకు గుద్దుకున్నారు. "కట్!" అన్నారు. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అంచు దగ్గర ఆగిపోయింది. కాలు లేస్తుంది కానీ ముందుకు పడదు. గోడ దగ్గర దశరథం గుడ్లు తేలేసి చూస్తున్నాడు. డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు.

"ఏమిటమ్మా ఇది? ఫిలిం ఏమన్నా చెట్లకు కాస్తోందా? చేతకాకపోతే వెనక్కి పో, ఇంకో అమ్మాయి ముందుకు వస్తుంది!"

ఏడేళ్లు అడిగి అడిగి తెచ్చుకున్న చోటు. ఆ మాటతో పోతుంది. అత్త అక్కడి నుంచి కదలకుండా చెప్పింది:

"చాత కాక కాదు సార్. గచ్చు ఏసినోళ్లం మళ్ల దాని మీద కాలు వెట్టొద్దు. మా తాతల సంది గట్లనే. నా కాలు పడ్తలేదు. మా వాళ్లు నడిస్తే పడ్తది. వాళ్లను ఒక్కపారి ఈ కాడికెళ్లి ఆ కాడికి నడవనియ్యండ్రి."

"లైట్లు కాలిపోతుంటే నీ ఊరివాళ్ల ఊరేగింపా!"

అప్పుడు డాన్సు మాస్టరు కర్ర కింద పెట్టాడు. ఏడేళ్లుగా చేతిలో ఏముంది అన్న మనిషి. "నేల వాళ్ల చేత వేయించుకున్నాం. నాలుగడుగులు వేస్తే అరిగిపోదు. ఆ అమ్మాయి లేకపోతే నేనూ ఈ పాట చేయించను" అన్నాడు. డైరెక్టరు నెత్తి కొట్టుకుని కూర్చున్నాడు. కానివ్వండి అన్నట్టు చేయి ఊపాడు.

ఇప్పుడు మా వాళ్లు కదలరే! దశరథం చేతులు జోడించాడు. "వద్దు బిడ్డా, మనకెందుకు? పెద్దోళ్ల జాగ. రేపు ఏమన్న అయితే?"

అత్తకు కోపం వచ్చింది. గజ్జెలు ఘల్లుమనేలా అటు తిరిగింది. "ఏమైతదే మామా? ఎవరు కొడ్తరో నేను చూస్త! కొట్టింది మీరు, రుద్దింది మీరు. నడిస్తే మైలనా? కురుమూర్తీ, నువ్వన్న రారా!"

మా నాయన ముందు కాలు పెట్టాడు. ఆ నేల ఎంత చల్లగా ఉందో తను చచ్చేదాకా మరచిపోనన్నాడు. తనే వేసిన గచ్చు మీద తను నిలబడటం అదే మొదటిసారి. వెనక ఒక్కొక్కరూ వచ్చారు. దశరథం ఆఖరున వచ్చాడు, నడుమ దాకా వచ్చి ఆగి కిందికి చూసుకున్నాడు. నేలలో తన ముఖం కనబడింది. అంత ముసలాయన పసిపిల్లాడిలా ఏడ్చాడు. అవతలి అంచు చేరగానే అలవాటుగా అందరూ గుడ్డలు తీసి అడుగులు తుడవబోయారు. అత్త గట్టిగా అరిచింది: "మీరు కాదు! ఇడ్సిపెట్టుండ్రి!" స్టూడియో కుర్రాళ్లు వచ్చి తుడిచారు.

తర్వాత ఆమె కాలు పెట్టింది. ఒకే టేకు. కెమెరా వైపు చూడొద్దని గుంపువాళ్లకు మొదటిరోజే నేర్పుతారు. అత్త పాటంతా కెమెరాలోకే చూసింది. అది తప్పే, ఆమెకూ తెలుసు. మళ్లీ తీయడానికి ఫిలిం లేక అలాగే ఉంచేశారు.

ఆ తర్వాత ఆమె ఇంకో ఐదేళ్లు చేసింది. ముందు వరస మళ్లీ ఆరుసార్లు వచ్చింది. 1949లో మోకాలు పట్టేస్తే గజ్జె విప్పి, మాస్టరు దగ్గరే కొత్త పిల్లలకు అడుగులు నేర్పే పనికి కుదిరింది. వాళ్లకు కాలివేళ్లు నొక్కి నొక్కి నేర్పింది, తిట్లు తినని పిల్ల లేదట. సినిమా పుస్తకాల్లో ఆమె పేరు ఎక్కడా ఉండదు. నేను వెతికాను. హీరోయిన్ వేసుకున్న చీర ఏ ఊరిదో కూడా రాశారు, వెనక ఎగిరిన పదహారు మందిలో ఒక్కరి పేరు రాయలేదు. రాసినవాళ్లకు సిగ్గుండాలి.

సరే, చెప్పాల్సింది ఇంకొకటుంది. 1945లో పంటలప్పుడు ఆ సినిమా వనపర్తి వచ్చింది. అత్త మద్రాసు నుంచి వచ్చింది. ఈసారి వాడలో ఎవరినీ పిలవలేదు. అవ్వ, తను, తమ్ముడు, అంతే. తొలి ఆటకు పోయి ముందు నేల మీద కూర్చున్నారు. నాయనమ్మ కళ్లు చీరకొంగుతో తుడుచుకుని తెర వైపు తిరిగింది.

పాట వచ్చింది. తెల్లటి నేల మీద నల్లటి పిల్ల నడుమ నిలబడింది. ముఖానికి బిందె లేదు, రేకు లేదు, స్తంభం లేదు. మా నాయన తెర చూడలేదు, నాయనమ్మనే చూస్తున్నాడు. ఆమె రెప్ప వేయలేదు. పాట అయిపోయి వేరే కథ నడుస్తున్నా అలాగే ఉంది. రీలు మార్చడానికి ఆట ఆపి దీపాలు వేశారు. అత్త అవ్వ ముఖం చూడటానికి భయపడి చేతుల్లో మూట పిసుకుతూ కూర్చుంది.

నాయనమ్మ అడిగింది.

"గచ్చు మంచిగొచ్చింది. నీళ్లు మూడొద్దులు నానవెట్టినవా?"

"నాలుగొద్దులు వెట్టినవ్వా."

"దాని మీద మనోళ్లు నడిసిండ్రంట. కురుమూర్తి చెప్తే నేను నమ్మలే."

"నడిసిండ్రు."

"ఎవ్వరేమన్లే?"

"ఎవ్వరేమన్లే."

నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపు భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. తర్వాత ముక్కు చీదుకుని, గొంతు సవరించుకుని, కోపంగా ఉన్నట్టు అడిగింది.

"పాటంత నా దిక్కే చూస్తివి గదనే. ఎగిరేటప్పుడు జర పక్కకు చూడాలె గద."

అత్త మూట ఒళ్లోకి లాక్కుంది.

"ఆ మూటల ఏముంది?"

"జొన్నరొట్టె, పప్పు."

"నువ్వు చేసిందేనా?"

"నేను చేసిందే."

"పెట్టు మరి. ఆకలైతుంది" అని నాయనమ్మ చేయి చాపింది.

అత్త రొట్టె తుంచి పప్పులో అద్ది పెట్టింది. ఒక ముద్ద, ఇంకో ముద్ద. దీపాలు ఆరిపోయాయి, ఆట మళ్లీ మొదలైంది. ఆ సినిమా రెండో సగంలో ఏం జరిగిందో వాళ్లిద్దరిలో ఒక్కరికీ తెలియదు.